నురగా, నురుగా, నుర్గా? అసలు ఈ మాట ఎక్కడిది?

బెజవాడమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్తే. సందేహం చిన్నదే కానీ రెండు రోజులుగా మా ఇంట్లో దీని మీదే పంచాయితీ. మా పాప మూడో తరగతి. తెలుగు నోట్సులో "సబ్బు రుద్దితే నురగ వస్తుంది" అని రాసుకుంటే టీచరమ్మ ఎర్రపెన్నుతో నురగ కొట్టేసి పైన నురుగు అని దిద్దారు. నాకు మాటలొచ్చినప్పటి నుంచీ నేను నురగ అనే అంటున్నా, మా అమ్మా అంతే, మా అమ్మమ్మా అంతే. మా ఆయనది పాలమూరు. ఆయనేమో "రెండూ కాదు, నుర్గు" అంటారు, అదీ ఒక్క గుక్కలో, మధ్యలో అచ్చు ఉన్నట్టే వినపడదు.

ఇది చాలదన్నట్టు పాప ఇంకో ఫిటింగ్ పెట్టింది. నిన్న తలంటు పోస్తుంటే అరచేతిలో నురగ పట్టుకుని "అమ్మా, ఇందులో నూరు బుడగలుంటాయి కదా, అందుకే నురుగు అంటారా?" అంది. నాకు నోట మాట రాలేదు. విని అవుననిపించింది కూడా.

ఇంతకీ ఏది కరెక్టు? ఈ మాట సంస్కృతం నుంచి వచ్చిందా, మనదేనా? సబ్బులు, షాంపూలు రాకముందు ఈ మాటతో ఎవరికైనా పనుండేదా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, సోమవారం టీచరమ్మని కలవాలి.

ఉడతాభక్తి

రెండూ కరెక్టే అక్కా, గొడవ పడకండి. నా పేరు చూడండి, ఉడతాభక్తి. పుస్తకాల్లో ఉడుత, నోట్లో ఉడత. చిలుక చిలకైంది, మిడుత మిడతైంది. మాట చివర 'అ' ఉంటే మధ్యలో ఉన్న 'ఉ' కూడా దాన్ని చూసి 'అ' అయిపోతుంది, తెలుగులో ఇది మామూలే. మన మాటకి మొదటి నుంచీ రెండు తోకలున్నాయి, ఒకటి నురుగు, ఇంకోటి నురుగ. ఆ రెండోది నలిగి నలిగి నురగ అయింది. మొదటిదాని చివర 'ఉ' ఉంది కాబట్టి అది కదల్లేదు, పురుగుని ఎవరూ పురగ అనరు కదా, అలాగే. బ్రౌన్ దొర నిఘంటువులో నురుగు అనే ఉంటుంది, టీచరమ్మ ఆ లెక్కన దిద్ది ఉంటారు. కానీ నురగని తప్పని కొట్టేయడం మాత్రం అన్యాయం, అలా అయితే పాప చిలక అని రాసినప్పుడల్లా మార్కులు తీసేయాలి.

మీ ఆయనగారి నుర్గు కూడా ఇంతే, పురుగుని పుర్గు అన్నట్టు. మధ్య అచ్చు మింగేయడం అటు అలవాటు.

మద్రాసు మావయ్య

పాప ఊహ ముచ్చటగా ఉంది గానీ, కుదరదమ్మా. నేను ముప్పై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నా కాబట్టి ఇది నాకు తేలిగ్గా దొరికింది. తమిళంలో నురుగుని నురై అంటారు, కన్నడంలో నొరె, మలయాళంలో నుర. నాలుగు భాషల్లోనూ ఒకే వేరు, అంటే ఈ నలుగురూ విడిపోకముందే ఇంట్లో ఉన్న మాట. సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, మన సొంతం.

ఇక నూరు సంగతి. వందకి మన పెద్దలు నూఱు అని బండి 'ఱ' తో రాసేవాళ్లు. మనం ఆ అక్షరాన్ని అటకెక్కించాం కాబట్టి రెండూ ఒకలా కనిపిస్తున్నాయి. తమిళులు ఇంకా వదల్లేదు, నూఱుకి బండి ఱ, నురైకి మామూలు ర. పైగా ఒకదానికి దీర్ఘం, ఇంకోదానికి లేదు. పాపకి చెప్పండి, రెండు వేరు వేరు ఇళ్లు, గోడలు మాత్రం పక్కపక్కన ఉన్నాయి అని.

తమిళంలో నాకు బాగా నచ్చినది ఒకటి చెప్తా. ఊపిరితిత్తుల్ని వాళ్లు నురైయీరల్ అంటారు. ఈరల్ అంటే కార్జం జాతిది అనుకోండి. అసలు కార్జం కల్లీరల్, అంటే రాయి ఈరల్. ప్లీహం మణ్ణీరల్, మట్టి ఈరల్. ఊపిరితిత్తులు నురుగు ఈరల్. మటన్ కొట్టులో ఒకసారి చూస్తే ఎందుకో అర్థమైపోతుంది, లేత గులాబీ రంగులో స్పాంజిలా ఉంటుంది, నొక్కితే గాలి బుసబుసలాడుతూ నురగ కడుతుంది. మనవాళ్లు దాన్ని గాలి తిత్తిలా చూశారు, కమ్మరి కొలిమి దగ్గర ఉండే తోలు తిత్తిలాగా. వాళ్లు నురుగులా చూశారు. ఒకే అవయవం, పక్కపక్క ఊళ్లు, చూపు వేరు.

బెంగళూరు వైపు నొరెహాలు అంటారు, నురగ కట్టిన పాలు. దానికి మన దగ్గర అంతకన్నా మంచి మాట ఉంది, గుమ్మపాలు. పొదుగు దగ్గర్నుంచి నేరుగా చెంబులోకి పిండి, ఇంకా వెచ్చగా ఉండగానే తాగేవి. సబ్బు లేని నురగ అన్నారే, అదే ఇది.

పాతపుస్తకం

పైవారు చెప్పినదానికి చిన్న తోక. సంస్కృతంలో దీనికి ఫేనం అనే మాట వేరే ఉంది, మన కవులు పద్యాల్లో తెగ వాడారు. నురుగుకీ దానికీ చుట్టరికం లేదు. అయితే ఆ ఫేనానికి ఇంగ్లీషువాళ్ల ఫోమ్ మాత్రం దాయాది, లాటిన్‌లో స్పూమా కూడా ఆ కుటుంబమే. అంటే మీరు ఫోమ్ పరుపు మీద పడుకున్నప్పుడు ఫేనం మీద పడుకున్నట్టే, ఇక శేషతల్పం ఒక్కటే తక్కువ.

ఫేనం మన ఇళ్లలోకి దొడ్డిదారిన చాలా రకాలుగా వచ్చింది. పాలల్లో వేసుకుని తినే ఫేణీలు ఉన్నాయి కదా, పొరలు పొరలుగా తేలికగా ఉంటాయి, అవి ఇవే. గోవాలో జీడిమామిడి పండ్లతో కాచే ఫెని పేరు కూడా ఇదేనని చెప్తారు, సీసా కుదిపితే పైన బుడగలు కడతాయని. పచారీ కొట్లో సముద్రపు నురుగు అని తెల్లటి పెంకులాంటిది అమ్ముతారు, సంస్కృతంలో సముద్రఫేనం. అది నురుగూ కాదు పాడూ కాదు, కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని గట్టి పెంకు. ఆ జీవి చచ్చాక తేలుతూ ఒడ్డుకి కొట్టుకొస్తుంది, తేలికగా తెల్లగా ఉంటుంది కాబట్టి సముద్రం నురగే గడ్డకట్టిందనుకున్నారు. లవ్‌బర్డ్స్ పెంచేవాళ్లు పంజరంలో వేలాడదీస్తారు చూడండి, ముక్కు అరగదీసుకోవడానికి, సున్నం తినడానికి.

అన్నిట్లోకీ పెద్ద మాయ అహిఫేనం. నల్లమందుకి సంస్కృత నిఘంటువుల్లో ఉన్న పేరు. విడగొడితే పాము నురుగు. వినగానే ఒళ్లు జలదరిస్తుంది, ఎవరో పాము కోరల దగ్గర నురగ పట్టి ఎండబెట్టారేమో అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే గ్రీకులు ఓపియన్ అన్నారు, అరబ్బులు అఫ్యూన్ అన్నారు, సరుకు ఇక్కడికి వచ్చాక మన పండితులు ఆ పరాయి పేరుకి పంచె కట్టి అహిఫేనం చేశారు. మన అభిని కూడా ఆ అఫ్యూన్ బాపతే. మీ పాప నూరుకీ నురుగుకీ ముడి పెట్టిందని నవ్వకండి, మహామహులే చేశారు ఆ పని.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. ఇంద్రుడు నముచి అనే రాక్షసుడి తలని నీటి నురుగుతో తీసేశాడని ఋగ్వేదంలోనే ఉంది. తర్వాతి కథల్లో దానికి కారణం అల్లారు: తడిదానితో గానీ పొడిదానితో గానీ చావకూడదని వరం, మరి నురుగు తడా, పొడా? తలంటు పోసేటప్పుడు మీ పాపకి ఈ కథ చెప్పండి, కదలకుండా కూర్చుంటుంది.

బెజవాడమ్మాయి

అమ్మో, ఇంత ఉందా ఇందులో! మావయ్యగారూ, ఆ ఈరల్ సంగతి మా ఆయనకి చదివి వినిపించా, ఆదివారం మటన్ కొట్టులో చూస్తానంటున్నారు, నన్ను రమ్మనకపోతే చాలు. నా మూడో ప్రశ్న మాత్రం సగమే తేలింది. పాలు సరే, మరి ఒళ్లూ తలా రుద్దుకునేటప్పుడు? సబ్బు లేనప్పుడు నురగ దేన్నుంచి వచ్చేది?

కుంకుడుచెట్టు

ఈ కాలం పిల్లలు భలే ప్రశ్నలు అడుగుతారమ్మా. నాకు డెబ్భై దగ్గర పడుతోంది, పెళ్లయ్యేదాకా నా తలకి షాంపూ తగల్లేదు. ఆదివారం తెల్లారేసరికి మా అమ్మ వాకిట్లో కూర్చుని గుప్పెడు కుంకుడుకాయలు రాయి మీద పెట్టి టకటకా కొట్టేది. గింజలు తీసి పక్కన పెడితే నల్లగా నున్నగా ఉండేవి, అవి మాకు ఆటకి. తొక్కలు వేణ్ణీళ్లలో నానేసి, కాసేపయ్యాక చేత్తో పిసికితే గిన్నె అంచుదాకా నురగ లేచేది. షాంపూ నురగలా తెల్లగా ఉండదు, లేత గోధుమ రంగు, ఒకలాంటి పుల్లటి వాసన. ఎవరి నురగ ఎక్కువ లేస్తుందని నేనూ మా చెల్లీ పోటీ.

అసలు భయం కళ్లది. ఆ పులుసు ఒక్క చుక్క పడిందంటే ఇల్లెగిరిపోయేలా ఏడుపు. అందుకని మా అమ్మ ముందే ఒక ఉప్పుకల్లు నోట్లో వేసి "చప్పరిస్తూ ఉండు, కళ్లు మండవు" అనేది. ఉప్పుకీ కళ్లకీ ఏం సంబంధమో ఈరోజుకీ నాకు తెలీదు. ఉప్పు నోట్లో ఉంటే నోరు మూసుకుని కూర్చుంటామని వేసేదేమోనని ఇప్పుడు అనుమానం.

పైన పుస్తకాలాయన ఫేనం గురించి ఇంత రాసి అసలుది మర్చిపోయారు. కుంకుడుకి సంస్కృతంలో ఫేనిలం అని పేరు, అంటే నురగ వచ్చేది అని. ఇంకో పేరు అరిష్టకం, హిందీవాళ్ల రీఠా అదే. మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఏ గుడ్డ దేనితో శుభ్రం చెయ్యాలో చెప్పిన శ్లోకం ఉంది. పట్టుకీ ఉన్నికీ చౌడుమట్టి, కంబళ్లకి కుంకుళ్లు, నారబట్టకి తెల్ల ఆవాలు. ఇప్పటికీ మా ఇంట్లో పట్టుచీరలు కుంకుడు నీళ్లలోనే జాడిస్తాం, బంగారం మసకబారితే కూడా అదే. మా ఊరి చాకిరేవులో అయితే చౌడుమట్టి కలిపి బానలో ఉడకేసేవాళ్లు, అందులో నురగ పెద్దగా ఉండేది కాదు. అయినా పంచెలు మల్లెపూల్లా వచ్చేవి.

ఈతవనం

సబ్బులు, కుంకుళ్లు అంటూ అందరూ తానాల గది దాటి బయటికి వస్తలేరు. మా దిక్కు నుర్గు అంటే ముందు యాదికొచ్చేది కల్లే అన్నా. చెట్టు మీదికెళ్లి దించిన లొట్టి మూతి నిండా తెల్లగా నుర్గు, అందులో రెండు మూడు చీమలు, ఒక తేనెటీగ. తాటాకు రేక పట్టుకొని కూసుంటే గీసినాయన వంపుతడు, ముందు ఉఫ్ అని ఊది నుర్గు పక్కకు జరిపి తర్వాత తాగాలె. చెట్టు మీద కుండలో ఉండంగనే ఈస్టు పని మొదలుపెడుతది, చక్కెరను తిని గ్యాస్ వదులుతది, ఆ గ్యాసే నుర్గు. పొద్దున దించింది తియ్యగుంటది, పొద్దు ఎక్కినకొద్దీ పుల్లబడుతది. నుర్గు చూసి ఎన్ని గంటల కల్లో చెప్పే ముసలోళ్లు ఉండేది మా ఊళ్లె.

ఇంకోటి, నురగ కక్కుడు. మా నాయిన ఎడ్లతోని దున్నేటప్పుడు ఎండ ముదిరితే ఎడ్ల మూతుల పొంటి నురగ కారేది. అది కనపడంగనే ఇగ చాలని కాడి దించేటోడు, ఇంకా రెండు సాళ్లే మిగిలినా సరే. నురగలు కక్కుకుంటూ పని చేసిన అని మనం ఊరికే అంటం గానీ ఆ మాట ఎద్దుది.

నురగకూ తెట్టెకూ తేడా కూడా చెప్పుర్రి పాపకు. పప్పు ఉడికేటప్పుడు పైన లేస్తది చూడు, పొంగేటప్పుడు అది నురగ, కాసేపటికి మురికి తోటి కలిసి మందంగా పేరుకుంటే అది తెట్టె. తీసి పారేసేది తెట్టె. బెల్లం వండేటప్పుడైతే ఆ తెట్టె తియ్యకపోతే బెల్లం నల్లబడుతది. నురగను ఎవరూ తియ్యరు, అదే పోతది.

బోరునీళ్లు

నేను కెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోకండి. అందరూ నురగని తెగ మెచ్చుకుంటున్నారు, శుభ్రానికీ నురగకీ మనం అనుకున్నంత సంబంధం లేదు. సబ్బు పని జిడ్డుని పట్టుకుని నీళ్లలోకి లాగడం. నీటి మీద సాగే పొరలాంటి బిగువు ఒకటి ఉంటుంది, సబ్బు దాన్ని సడలిస్తుంది కాబట్టి గాలి చొరబడి బుడగలు నిలుస్తాయి, అంతే. కుంకుడులో ఆ పని చేసేది సపోనిన్. చాకిరేవులో నురగ లేకుండానే పంచెలు తెల్లబడ్డాయని పైన అమ్మగారు చెప్పారు కదా, అదే నేననేది. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్‌కి నురగ తక్కువ వచ్చే పౌడర్ వేరే అమ్ముతారు, మామూలుది వేస్తే నురగ ఎక్కువై బట్టలు ఒకదానికొకటి రాసుకోవు, మురికి వదలదు. మా ఆవిడకి ఇది చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది, నురగ లేకపోతే ఉతికినట్టే లేదంటుంది. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాక బకెట్ నిండా నురగ చూడ్డం మనకి అలవాటైపోయింది, ఇక ఆ పిచ్చి వదల్లేదు.

నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానంటే, మా కాలనీలో బోరునీళ్లకి సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిలా బకెట్ అంచుకి పడతాయి. అక్కడ అయ్యే ఖర్చు అయ్యాకే మిగిలిన సబ్బు నురగ ఇస్తుంది. అదే రాజమండ్రి మా అత్తారింటికి వెళ్తే గోదారి నీళ్లకి రెండు రుద్దులకే నురగే నురగ, ఎన్ని చెంబులు పోసుకున్నా ఒళ్లు జారుతూనే ఉంటుంది.

సబ్బు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది కూడా. నురుగు మనదే గానీ సబ్బు మనది కాదు. ఉర్దూలో సాబూన్, పోర్చుగీసులో సబావ్, ఏ దారిన వచ్చినా ఊరు ఒకటే, లాటిన్ సాపో. సపోనిన్ పేరు కూడా దాన్నుంచే. ఆ సాపో గురించి ప్లినీ అనే రోమన్ పెద్దాయన మొదటి శతాబ్దంలోనే రాశాడు, అది గాల్ జాతివాళ్లు (ఇప్పటి ఫ్రాన్సు వైపు వాళ్లు) కనిపెట్టింది, జుట్టు ఎర్రబడటానికి పూసుకుంటారు అని! అంటే సబ్బు మొదట పుస్తకానికెక్కింది ఒక రకం హెయిర్ డైగా. షాంపూ మాత్రం మన దగ్గర్నుంచి అటు వెళ్లింది, హిందీ చాంపో, అంటే నొక్కు, మర్దన చెయ్యి అని. పట్నాలో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో షాంపూ స్నానాలు పెట్టి పేరు తెచ్చుకున్నాడు, అప్పట్లో షాంపూ అంటే ఆవిరి స్నానం, ఒళ్లు పట్టడం. నురగ ఊసే లేదు అందులో.

ఉడతాభక్తి

మాస్టారూ, మొత్తానికి మా ఆదివారం స్నానం చెడగొట్టారు. 😀

మద్రాసు మావయ్య

బోరునీళ్లు గారూ, నురగ శుభ్రానికి గుర్తు కాదన్నారు, ఒప్పుకుంటా. మురికికి గుర్తుగా మాత్రం బాగా పనికొస్తోంది. బెంగళూరు బెళ్లందూరు చెరువు 2015లో నురగ కక్కి రోడ్ల మీద పారిందే, మంట కూడా అంటుకుంది. మీరన్న బకెట్ల నురగంతా చివరికి వెళ్లేది చెరువుల్లోకేగా.

బెజవాడమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్. అప్‌డేట్ ఇస్తున్నా. టీచరమ్మని కలిశా. ఉడత, చిలక లెక్క చెప్తే నవ్వి, "పరీక్షలో మాత్రం నురుగు అనే రాయించండమ్మా, దిద్దేది నేనొక్కదాన్నే కాదు" అన్నారు. పాపకి సున్నా కొట్టేసి మార్కు వేశారు. మా ఆయన నుర్గుని మాత్రం పరిశీలనకి తీసుకోలేదు, ఆయన కొంచెం అలిగారు.

కుంకుడుచెట్టు అమ్మగారూ, మీది చదివి పాప పట్టుబడితే నిన్న పావుకిలో కుంకుళ్లు తెప్పించా. కొట్టడానికి రాయి లేదు, చపాతీ కర్రతో కొడితే గింజలు హాలంతా దొర్లాయి, ఒకటి ఫ్రిజ్ కిందకి పోయింది, ఇంకా దొరకలేదు. నురగ మాత్రం మీరన్నట్టే గోధుమరంగులో అంచుదాకా లేచింది. ముందుజాగ్రత్తగా ఇద్దరం తలో ఉప్పుకల్లు నోట్లో వేసుకున్నాం. రెండో చెంబుకే పాప ఉప్పు ఉమ్మేసి కెవ్వుమంది. కళ్లు మండాయి. నాకూ మండాయి.